డిగ్రీ మొదటి సెమిస్టర్ ఫిజిక్స్: నల్గొండ, పాలమూరులో చదివినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

దేవరకొండ పోరడు

అందరికీ నమస్తే. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. దోస్త్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) నల్గొండలో బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్ సీటు వచ్చింది. పదో తరగతి దాకా ఊళ్లో జిల్లా పరిషత్ బడి, తెలుగు మీడియం. ఇంటర్‌లో ఫిజిక్స్ మార్కులు మంచిగనే వచ్చాయి. కానీ ఏ సీనియర్‌ను అడిగినా ఒకటే మాట: మ్యాథ్స్ ఎట్లనో గట్టెక్కుతావు, బ్యాక్‌లాగ్ పడితే ఫిజిక్స్‌లోనే పడుతుంది అని.

సిలబస్ తెరిచి చూస్తే మొదటి యూనిట్‌లోనే గ్రేడియంట్, డైవర్జెన్స్, కర్ల్ ఉన్నాయి. తర్వాత రాకెట్ చలనం, దృఢ వస్తువులు, కేంద్రీయ బలాలు, సాపేక్షత, డోలనాలు. ఇంటర్‌లో విన్న పేర్లు సగం, వినని పేర్లు సగం. క్లాసులు మొదలు కావడానికి ఇంకా టైముంది. నిజంగానే అంత కష్టమా? ఇప్పటి నుంచే ఏం చదువుకొని పోవాలె? అన్నలు, అక్కలు మీకు జరిగింది జరిగినట్టు చెప్పండి.

పాలమూరు అక్క

తమ్ముడూ, నేను మహబూబ్‌నగర్‌లో బీఎస్సీ చేశాను. కష్టం అనేకన్నా పద్ధతి వేరు అంటాను. ఇంటర్‌లో మనకు ఎనిమిది మార్కుల ప్రశ్నలు పది పదిహేను బట్టీ పెట్టిస్తారు. వాటిలోనే రెండు వస్తాయి, రాసేస్తాం. డిగ్రీలో కూడా అవే డెరివేషన్లు కనపడతాయి కాబట్టి ఇది తెలిసిందే అనిపిస్తుంది. అక్కడే చాలామంది దెబ్బ తింటారు. మా సార్ బోర్డు మీద సగం డెరివేషన్ రాసి, చాక్‌పీస్ పక్కన పెట్టి, "ఇక్కడ మైనస్ ఎందుకొచ్చింది?" అని అడిగేవారు. క్లాసంతా నిశ్శబ్దం. అందరికీ తర్వాతి లైన్ నోటికి వచ్చు, కానీ ఆ మైనస్ ఎందుకో ఎవరికీ తెలియదు.

పునఃస్థాపక బలం ఎప్పుడూ స్థానభ్రంశానికి ఎదురు దిక్కులో ఉంటుంది కాబట్టి ఆ మైనస్. అంతే. కానీ ఆ ఒక్క ముక్క లోపలికి దిగితే సరళ హరాత్మక చలనం, అవరుద్ధ డోలనాలు, బలాత్కృత డోలనాలు అన్నీ ఒకే తాడు పట్టుకొని నడుస్తాయి.

ఇప్పుడు నీకున్న టైములో ఫిజిక్స్ పుస్తకం ముట్టుకోకు. అవకలనం, సమాకలనం, వెక్టర్ల డాట్, క్రాస్ లబ్ధాలు చేతికి అలవాటయ్యేదాకా చెయ్యి. మ్యాథ్స్ సార్ అవకలన సమీకరణాలు చెప్పేలోపే ఫిజిక్స్ మేడమ్ వాటిని వాడేస్తుంది. మొదటి నెలలో మా అందరికీ టెన్షన్ పెట్టింది అదే.

ఇక గ్రేడియంట్‌కు భయపడకు. కోయిల్‌కొండ గుట్ట ఎక్కావా ఎప్పుడైనా? గుట్ట మీద ప్రతి చోటుకూ ఒక ఎత్తు ఉంటుంది, అది అదిశ, అంటే దిక్కు లేని రాశి. నువ్వు నిలబడ్డ చోట నుంచి ఏ దిక్కుకు అడుగేస్తే అన్నిటికన్నా నిటారుగా ఎక్కుతావో, ఆ దిక్కు, ఆ వాలు ఎంతో కలిపి చెప్పేదే గ్రేడియంట్. ఎత్తు మారకుండా గుట్ట చుట్టూ నడిచే దారి ఉంటుంది కదా, గ్రేడియంట్ దానికి ఎప్పుడూ లంబంగా ఉంటుంది. ఈ బొమ్మ మనసులో ఉంటే తర్వాత విద్యుత్ పొటెన్షియల్ వచ్చినప్పుడు కూడా పనికొస్తుంది.

మిర్యాలగూడ బీటెక్

నేను ఇంజనీరింగ్ కాబట్టి మాకు ఫిజిక్స్ మొదటి ఏడాదిలోనే అయిపోయింది. లేజర్లు, ఆప్టికల్ ఫైబర్, సెమీకండక్టర్లు, కొంచెం క్వాంటమ్. మెకానిక్స్ దాదాపు లేదు. నా సలహా సూటిగా చెప్తాను. పాత ప్రశ్నపత్రాలు నాలుగైదు తీసుకో, తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలు గుర్తు పెట్టుకో, గైడ్ చదువు. పాస్ అవుతావు. మిగతా టైము కోడింగ్ మీద పెట్టు, ఎట్లాగూ కంప్యూటర్స్ ఉంది కదా.

గురుకులం టీచర్

పై సలహాతో నేను ఏకీభవించను. నేను బీఎస్సీ, తర్వాత నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి ఇప్పుడు గురుకులంలో ఫిజికల్ సైన్స్ చెప్తున్నాను. మొదటి సెమిస్టర్ మెకానిక్స్ ఒక్కసారి రాసి వదిలేసే సబ్జెక్టు కాదు. పీజీ ఎంట్రన్స్‌లో మళ్లీ అదే. జామ్ (ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్ల పరీక్ష) రాస్తే అదే. బీఈడీ చేసి టీచర్ పోస్టుకు పోటీ పడితే అదే. గైడ్‌తో దాటినవాడు ప్రతి మెట్టు దగ్గరా మళ్లీ మొదటి నుంచి చదువుకోవాల్సి వస్తుంది. ఆ బాధ నా తోటివాళ్లలో దగ్గరుండి చూశాను.

ఒకటి చూపిస్తాను. అచ్చంపేట నుంచి మన్ననూరు దాటి శ్రీశైలం పోయే ఘాట్ రోడ్డు మీద బస్సు మలుపు తిరుగుతుంది. కిటికీ పక్కన కూర్చున్నవాడు బయటివైపు ఒరుగుతాడు. "నీ మీద పనిచేసే బలాలు గీయి" అంటే డిగ్రీ పిల్లల్లో కూడా ఎక్కువమంది మొదట గీసేది బయటికి చూపే బాణం. రోడ్డు మీద నిలబడి చూసేవాడికి ఆ బాణం లేదు. కిందికి బరువు, పైకి సీటు ప్రతిచర్య, లోపలివైపుకు బస్సు గోడా సీటూ కలిసి నెట్టే బలం. ఉన్నవి ఇవే. నీ ఒళ్లు తిన్నగా పోవాలని చూస్తుంది, బస్సు నిన్ను లోపలికి తిప్పుతుంది. బస్సు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, 50 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపులో ఉందనుకో. 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. త్వరణం 100 బై 50, అంటే సెకను వర్గానికి 2 మీటర్లు. నీ ద్రవ్యరాశి 60 కిలోలైతే బస్సు నిన్ను 120 న్యూటన్ల బలంతో లోపలికి నెడుతోంది.

బస్సునే ఆధారంగా తీసుకొని లెక్క చేస్తేనే బయటికి అంతే మిథ్యా బలం కలపాలి. ఎక్కడ నిలబడి చూస్తున్నావో ముందు రాసుకోకుండా బాణాలు గీస్తే ఇక ఆ లెక్క తెగదు. కోరియాలిస్ బలం (తిరిగే చోట నిలబడి చూస్తే కదిలే వస్తువు మీద కనపడే మిథ్యా బలం) చాప్టర్ మొత్తం ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది. 1851లో ఫూకో పారిస్‌లో లోలకం వేలాడదీసి భూమి తిరుగుతున్నట్టు చూపించాడని చదువుతారు. మరి అదే లోలకాన్ని నల్గొండలో వేలాడదీస్తే అది ఊగే దిక్కు ఎంతసేపట్లో ఒక చుట్టు తిరుగుతుంది? మన అక్షాంశం 17 డిగ్రీలు, దాని సైన్ 0.292. ఒక రోజును దానితో భాగిస్తే దాదాపు 82 గంటలు వస్తుంది. ధ్రువం దగ్గరైతే ఒక్క రోజు చాలు. నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఈ లెక్క నాకు నేనే చేసుకున్న రోజు ఇప్పటికీ గుర్తుంది. పుస్తకంలో ఉన్నది మా ఊరికి కూడా వర్తిస్తుందని అప్పుడే మనసుకు ఎక్కింది.

మక్తల్ చెల్లె

సార్, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ గైడ్ పట్టుకున్న పిల్లలందరినీ ఒకే గాటన కట్టకండి. నేను ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చి పోయి చదువుకున్నాను. పొద్దున నీళ్లు, వంట, సాయంత్రం బస్సు దిగేసరికి చీకటి. పత్తి తీసే రోజుల్లో కాలేజీ మానాల్సి వచ్చేది. క్లాసు పోయినప్పుడు మళ్లీ చెప్పేవాళ్లు లేరు. ఇంగ్లిష్ పుస్తకంలో ఒక పేజీ అర్థం కావడానికి రాత్రంతా పడితే, తెలుగు అకాడమీ పుస్తకం, దాని పక్కన గైడ్ పెట్టుకొని చదవడం తప్పా? నాకు లెక్క ఎట్ల మొదలుపెట్టాల్నో చూపించింది గైడే. తర్వాత అది మూసి మళ్లీ నేనే చేసేదాన్ని.

తమ్ముడికి నేను చెప్పేది ల్యాబ్ సంగతి. మా కాలేజీ పేరు చెప్పను. ఒక్కో పరికరం దగ్గర ఐదారుగురం. అబ్బాయిలు స్టాప్‌క్లాక్ పట్టుకునేవాళ్లు, స్క్రూగేజి తిప్పేవాళ్లు. "మీ రాత మంచిగుంటది, మీరు రాయండి" అని రికార్డు మాకు ఇచ్చేవాళ్లు. సెమిస్టర్ అంతా అట్లే పోయేది. ప్రాక్టికల్ పరీక్ష రోజు మాత్రం ఎవరి పరికరం వాళ్లదే కదా. అందుకే ఫ్లైవీల్ ప్రయోగం నాడు నేను పక్కకు జరగలేదు. ఇరుసుకు దారం చుట్టడం, బరువు తగిలించడం, కింద పడ్డాక చక్రం ఆగేదాకా చుట్లు లెక్కపెట్టడం అన్నీ నేనే చేశాను. చక్రం మీద సుద్దముక్కతో గీత గీసి లెక్కపెడుతుంటే ఒక సంగతి తెలిసింది. బరువు విడిపోయాక కూడా చక్రం చాలాసేపు తిరుగుతుంది. ఆ తిరిగిన చుట్లే ఘర్షణ ఎంత తింటుందో చెప్తాయి. ఫార్ములాలో రెండు రకాల చుట్లు ఎందుకున్నాయో అప్పుడు సమజ్ అయింది. చెల్లెళ్లు ఎవరైనా చదువుతుంటే చెప్తున్నా, రికార్డు ఇంటికాడ రాసుకోవచ్చు, పరికరం మాత్రం ఇంటికి రాదు.

గురుకులం టీచర్

చెల్లె, నువ్వన్నది న్యాయం. గైడ్ మూసి మళ్లీ చెయ్యడమే అసలు చదువు. నేనన్నది మూయనివాళ్ల గురించి.

ల్యాబ్ కోటు

డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ల్యాబ్ మాట వచ్చింది కాబట్టి నా మనసులో ఉన్నది రాస్తాను.

మొదటి సెమిస్టర్‌లో సంయుక్త లోలకం ప్రయోగం ఉంటుంది. రంధ్రాలున్న ఒక మీటరు ఇనుప పట్టీ. ఒక్కో రంధ్రం దగ్గర కత్తి అంచు మీద వేలాడదీసి, కొద్దిగా పక్కకు లాగి వదిలి, 20 డోలనాలకు టైము చూస్తారు. గ్రాఫ్ గీస్తే గరిమనాభికి అటూ ఇటూ రెండు వక్రాలు వస్తాయి. అడ్డంగా ఒక గీత గీస్తే నాలుగు చోట్ల కోస్తుంది. దాని నుంచి తుల్య లోలకం (అంతే టైములో ఊగే మామూలు లోలకం) పొడవు, దాని నుంచి గురుత్వ త్వరణం.

ప్రతి ఏడాదీ రికార్డులన్నీ చూస్తే జవాబు సెకను వర్గానికి 980 సెంటీమీటర్లు. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పట్టీ, ఒక్కో స్టాప్‌క్లాక్, అయినా అందరికీ 980. పిల్లలు సీనియర్ రికార్డు చూసి రీడింగులు వెనక నుంచి కట్టుకొస్తారు. ఎందుకట్ల అని అడిగితే "సార్, 980 రాకపోతే మార్కులు పోతాయి" అంటారు.

కానీ మన నల్గొండలో గురుత్వ త్వరణం 980 కాదు. భూమి తిరగడం వల్ల, భూమధ్యరేఖ దగ్గర ఉబ్బి ఉండడం వల్ల ఆ విలువ అక్షాంశాన్ని బట్టి మారుతుంది. భూమధ్యరేఖ మీద 978.0, ధ్రువాల దగ్గర 983.2. 17 డిగ్రీల దగ్గర లెక్క కడితే సెకను వర్గానికి దాదాపు 978.4 సెంటీమీటర్లు. 980.665 అనేది ప్రమాణంగా ఎంచుకున్న విలువ. మన ఊరి విలువ కాదు.

ఇంకో సంగతి. ఆ తేడా మన స్టాప్‌క్లాక్‌తో కనపడనే కనపడదు. మీటరు పట్టీకి కనిష్ఠ డోలనావర్తన కాలం సుమారు 1.5 సెకన్లు, గరిమనాభి నుంచి 29 సెంటీమీటర్ల దూరంలో వస్తుంది. 20 డోలనాలంటే 30 సెకన్ల చిల్లర. బొటనవేలు నొక్కడంలో అటూ ఇటూ 0.2 సెకను తేడా వస్తే టైములో 0.65 శాతం. సూత్రంలో టైము వర్గం ఉంది కాబట్టి జవాబులో 1.3 శాతం, అంటే 13 సెంటీమీటర్లు. నిజాయితీగా చేసిన పిల్లకు 967 వచ్చినా సరే, 990 వచ్చినా సరే. 20కి బదులు 50 డోలనాలు చూస్తే ఆ తేడా ఐదు సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఇది చెప్పి 50 చేయించిన బ్యాచ్‌లో పిల్లలు ఒకరి గ్రాఫ్ ఒకరు లాక్కొని చూసుకున్నారు. అందరివీ కొంచెం కొంచెం వేరుగా ఉన్నాయి, అన్నీ ఒక చోటి చుట్టే ఉన్నాయి. ల్యాబ్ అంటే అదీ.

దేవరకొండ పోరడు

సార్, మస్తు మంచిగ చెప్పిండ్రు. ఒక డౌట్. నాకు 967 వచ్చిందనుకోండి, అదే రాస్తే పరీక్షలో ఎగ్జామినర్ మార్కులు కట్ చేస్తే?

ల్యాబ్ కోటు

రీడింగుల పట్టిక సరిగ్గా ఉండి, కింద దోషం ఎంతో రెండు లైన్లలో లెక్క కట్టి రాస్తే కట్ చేసేవాళ్లు తక్కువ. 967 అని ఒట్టిగా రాయకు. "967, ప్లస్ ఆర్ మైనస్ 13" అని రాయి. వైవాలో అడిగితే పైన చెప్పింది చెప్పు. నేను చూసినంతలో అట్ల చెప్పిన పిల్లలను ఎగ్జామినర్లు ఇష్టపడ్డారు.

పాలమూరు అక్క

వైవా గురించి నేనూ ఒకటి కలుపుతాను. సూత్రం అడగరు, "కోణం ఎక్కువ తీసుకుంటే ఏమవుతుంది?" అని అడుగుతారు. చిన్న కోణాలకే సైన్ విలువ కోణంతో సమానం అనుకోవచ్చు, అందుకే చిన్నగా లాగి వదలాలి. ఇది వాక్యంగా చెప్పడం ముందే అలవాటు చేసుకో. తెలుగులో చెప్పినా వినేవాళ్లే ఎక్కువ, నోరు తెరవాలె అంతే.

సూర్యాపేట సైకిల్

నేను కామర్స్. కానీ ఈ చర్చ చూస్తే ఊరుకోబుద్ధి కాలేదు. నల్గొండలో చదవబోతున్నావు కాబట్టి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తప్పకుండా వెళ్లు. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. మా సూర్యాపేటకు చెందిన ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన దానికి కాంతి లెక్కతో వివరణ ఇచ్చారని పత్రికల్లో వచ్చింది. ఫిజిక్స్ వాళ్లు కొంచెం విడమరిచి చెప్పండి.

గురుకులం టీచర్

మా పిల్లలను తీసుకెళ్లి చూపించాను. అక్కడ నిలబడి ఇట్ల ఆలోచించమన్నాను: ఎండ నేరుగా పడి ఏర్పడ్డ నీడైతే సూర్యుడు జరిగినకొద్దీ అదీ జరగాలి. జరగడం లేదంటే ఈ నీడకు కాంతి నేరుగా సూర్యుడి నుంచి రావడం లేదు. బయట నేల మీద, గోడల మీద, ఆకాశం నుంచి చెదిరిన వెలుతురు మండపం తెరపిల గుండా లోపలికి వస్తోంది. ఆ తెరపి ఎక్కడికీ కదలదు, స్తంభం కదలదు, గోడ కదలదు. మరి నీడ ఎందుకు కదలాలి? నీడ అంచులు మసకగా ఉండడం కూడా అందుకే. కాంతి వచ్చే చోటు బిందువు కాదు, వెడల్పైనది. ఆ కట్టినవాళ్లు స్తంభాలను నిలబెట్టిన తీరు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

కల్వకుర్తి రెండో సెమ్

మొదటి సెమిస్టర్ దాటాను, ఇప్పుడు ఉష్ణగతిక శాస్త్రం నడుస్తోంది. ఇది నాకు తేలిగ్గా ఉంది, ఎందుకంటే లెక్కలు చిన్నవి. కార్నో ఇంజన్ దక్షత (ఆ రెండు ఉష్ణోగ్రతల మధ్య ఏ ఇంజనూ దాటలేని హద్దు) దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్ ప్లాంటుకు వేసి చూశాను. ఆవిరి 600 డిగ్రీల సెల్సియస్, చల్లబరిచే చోట 40 డిగ్రీలు అనుకుంటే, కెల్విన్‌లో 873, 313. దక్షత 64 శాతం దాటదు. నిజం ప్లాంట్లలో 40 శాతం చుట్టుపక్కలే ఉంటుందట. 4,000 మెగావాట్ల ప్లాంటు పక్కన అంతకన్నా ఎక్కువ వేడి బయటికి పోతోందన్నమాట. కెల్విన్‌లోకి మార్చడం మాత్రం మరిచిపోవద్దు, మా క్లాసులో మార్కులు పోయేది అక్కడే.

దేవరకొండ పోరడు

అందరికీ థాంక్స్. అక్క చెప్పినట్టు సమాకలనం మొదలుపెట్టాను. పుస్తకం ముట్టుకోవద్దన్నా ఉండబట్టలేక రాకెట్ చాప్టర్ తెరిచాను. ఒక చోట ఆగిపోయాను. బలం అంటే ద్రవ్యవేగం మారే రేటు కదా. బయటి బలం లేదు కాబట్టి సున్నా. ద్రవ్యరాశి, వేగం రెండూ మారుతున్నాయి కాబట్టి లబ్ధ సూత్రం వేశాను. కానీ పుస్తకంలో వచ్చిన సమీకరణం నాకు రావడం లేదు. వాళ్లకు వాయువు వేగం వస్తోంది, నాకు రాకెట్ వేగమే వస్తోంది. తేడా ఎక్కడ?

గురుకులం టీచర్

చాలా మంచి ప్రశ్న. నీ సమీకరణాన్ని ఒకసారి పరీక్షించు. లాంచ్‌ప్యాడ్ మీద రాకెట్ వేగం సున్నా. నీ సమీకరణంలో సున్నా పెడితే త్వరణం కూడా సున్నా వస్తుంది. అంటే ఎంత ఇంధనం మండినా రాకెట్ లేవనే లేవదు. కాబట్టి ఎక్కడో ఏదో వదిలేశాం.

వదిలేసింది వాయువును. బయటి బలం సున్నా అనేది రాకెట్, వాయువు కలిసిన వ్యవస్థకు. నువ్వు రాకెట్ ద్రవ్యవేగం ఒక్కటే తీసుకొని దానికి సున్నా రాశావు. ఇట్ల రాయి: ముందు మొత్తం ద్రవ్యరాశి ఒకే వేగంతో పోతోంది. కొద్ది సేపయ్యాక కొంచెం తగ్గిన ద్రవ్యరాశి, కొంచెం పెరిగిన వేగం రాకెట్‌కు. తగ్గిన ఆ కొంచెం ద్రవ్యరాశి వాయువుగా పోయింది. దాని వేగం భూమి నుంచి చూస్తే రాకెట్ వేగంలోంచి వాయువు సాపేక్ష వేగం తీసేసినంత. ముందు, తర్వాత మొత్తం ద్రవ్యవేగాలను సమానం చేయి. రెండు అతి చిన్న మార్పుల లబ్ధాన్ని వదిలెయ్యి. రాకెట్ వేగం ఉన్న పదాలు రెండు వైపులా కొట్టుకుపోతాయి. మిగిలేది: ద్రవ్యరాశిని వేగంలో మార్పుతో గుణిస్తే, సాపేక్ష వేగాన్ని తగ్గిన ద్రవ్యరాశితో గుణించినంత. దాన్ని సమాకలనం చేస్తే నేచురల్ లాగ్ వస్తుంది.

మక్తల్ చెల్లె

నేను అంకెలు వేసి చూశాను. వాయువు సెకనుకు 2.5 కిలోమీటర్ల వేగంతో పోతోంది, మొదటి ద్రవ్యరాశి చివరి ద్రవ్యరాశికి 10 రెట్లు అనుకున్నాను. 10కి నేచురల్ లాగ్ 2.303. రాకెట్ వేగం 5.76 కిలోమీటర్లు. భూమి దగ్గరి కక్ష్యకు దాదాపు 7.8 కావాలి కదా. పదో వంతు తప్ప మిగతాదంతా ఇంధనమే అయినా చాలలేదు. సరేనా సార్?

గురుకులం టీచర్

సరిగ్గా చేశావు చెల్లె. పైగా గురుత్వం, గాలి నిరోధం ఇంకా కలపలేదు. అందుకే ఖాళీ అయిన భాగాన్ని దారిలోనే వదిలేస్తారు, పీఎస్ఎల్వీకి నాలుగు దశలు ఉండేది అందుకే. శ్రీహరికోట నుంచి తూర్పుకు వదిలితే భూమి తిరుగుడు వల్ల సెకనుకు 0.45 కిలోమీటర్ల దాకా కలిసొస్తుంది. తమ్ముడూ, రెండు దశల రాకెట్‌కు ఇదే లెక్క చేసి ఇక్కడ పెట్టు. ఒక్కో దశలో ద్రవ్యరాశుల నిష్పత్తి 5 తీసుకో, వాయువు వేగం అంతే ఉంచు.

దేవరకొండ పోరడు

చేశాను సార్. 5కి నేచురల్ లాగ్ 1.609. ఒక దశకు 4.02, రెండు దశలకు 8.05 కిలోమీటర్లు. 7.8 దాటింది.